పిల్లి యే పాపము చేసెను?

ఈ నెల మేము వ్రాయబోవు సంగతి కొందరికి మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. మా యింటి పిల్లికి వచ్చిన చర్మరోగమును గూర్చి వ్రాయుచున్నాము. ఇంటిలో పెంచుకొను పిల్లి పేరు మన పరిశుద్ధ గ్రంథములో కనబడదు. గొఱ్ఱె యున్నది, గాడిద యున్నది, కుక్క యున్నది, దావీదు సౌలు ఎదుట తన్ను పోల్చుకొనిన మిన్నల్లి కూడ నున్నది గాని పిల్లి లేదు. అయినను మా వడ్ల బస్తాలను ఎలుకల బారినుండి కాపాడునది అదియే గనుక దానికి ఈ పత్రికలో రెండు పుటలిచ్చుట అన్యాయము కాదని తలంచితిమి.

గత సంవత్సరము వానలు వెనుకపట్టిన దినములలో ఆ పిల్లి రాత్రింబగళ్లు గోకుకొన నారంభించెను. మెడమీదను చెవుల వెనుకను రూపాయి బిళ్లంత మేర వెండ్రుకలు రాలిపోయెను. వీపుమీద చేయి వేసి నిమిరినచో ఆవగింజలవంటి పొక్కులు వేళ్లకు తగులుచుండెను. మేత బాగుగనే తినుచుండెను, ఎలుకలను పట్టుచుండెను, జ్వరము లేదు. రోగము ఏదో, ఎందుకు వచ్చెనో తెలియలేదు. మా చిన్నమ్మాయి కాళ్లదగ్గర పండుకొనుట దానికి అలవాటు. దానిని వసారాలో కట్టివేసిన మొదటి రాత్రి పిల్లి అరచెను, పిల్ల యేడ్చెను.

మాకు తెలియలేదు గాని పేటలో అందరికిని తెలిసెను. దిష్టి తగిలినదని ఒక ముసలమ్మ చెప్పెను. బల్లిని తిన్నదని మరియొకామె. ఎండుచేపల వేడి యని పాలుపోయు అబ్బాయి. మందులు కూడ అందరియొద్దను సిద్ధముగా నుండెను. ఒకరు కిరసనాయిలు పూయుమనిరి, ఒకరు ట్రాక్టరు ఇంజనులోనుండి తీసిన నల్లనూనె, ఒకరు ఫినాయిలు నీళ్లు. అన్నిటికంటె సులభమైన మందును మా యెదురింటివారు చెప్పిరి: గోనెసంచిలో వేసి కాలువ అవతల విడిచిపెట్టి రావలెనట. వీరందరును మాయందు ప్రేమగలవారే. అయితే వీరిలో ఒక్కరైనను “నాకు తెలియదండీ” అని అనలేదు.

ఒక రాత్రి సంఘపెద్ద ఒకరు వచ్చి, కుర్చీ దగ్గరగా లాగుకొని, “అయ్యగారూ, బోధకుని ఇంట్లోకి ఊరకనే రోగం రాదు. మీరూ అమ్మగారూ ఒకసారి పరిశోధించుకోండి” అని మెల్లగా చెప్పిరి. ఆయన సదుద్దేశముతోనే చెప్పిరి. కాని ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. కోపముచేత నిద్రపట్టలేదు. తెల్లవారుజామున ఆ కోపము చల్లారినప్పుడు, ఆ మాటనే మేము మరియొకనితో ఆరు సంవత్సరముల క్రిందట చెప్పియుంటిమని జ్ఞాపకము వచ్చెను. దానిని తరువాత చెప్పుదుము.

ముందుగా మా తొందరపాటును ఒప్పుకొనవలెను. మరునాడు మేము కూడ ఫినాయిలు సీసా తెచ్చి బకెట్టులో కలుపుచుంటిమి. ఏదో ఒకటి చేయవలెనను ఆత్రము తప్ప దానికి వేరు కారణము లేదు. మా భార్య వచ్చి, “అది ఒళ్లంతా నాక్కుంటుంది గదండీ, మనం పైన పూసింది దాని కడుపులోకే పోతుంది” అనెను. బకెట్టు పారబోసితిమి. ఆమె మాట ఎంత నిజమో తరువాత డాక్టరమ్మ చెప్పగా వింటిమి. పిల్లి కాలేయమునకు కొన్ని పదార్థములను విరిచి బయటికి పంపు శక్తి మనుష్యులకును కుక్కలకును ఉన్నంత లేదు. ఫినాయిలు జాతి మందులు దానికి విషము. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ బిళ్ల ఒక్కటైనను దానిని చంపగలదు. కుక్కల పిడుదులకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లిమీద వేసినచో వణకి చచ్చునంత ప్రమాదము. ఇది చదువువారిలో పిల్లులున్నవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

పిల్లిని బుట్టలో పెట్టుకొని మండల పశువుల ఆసుపత్రికి పోయితిమి. అక్కడ గేదెలవారును మేకలవారును వరుసలో నిలిచియుండిరి. బోధకుడు బుట్టలో పిల్లిని తెచ్చినందుకు కొందరు నవ్విరి. నవ్వవలసినదే, మాకును నవ్వు వచ్చినది. డాక్టరమ్మ చిన్న వయస్సుగలది. పిల్లిని చాలసేపు చూచి, “ఏమిటో ఇప్పుడే చెప్పలేనండీ” అనెను. మాకు ఆ మాట మొదట నిరుత్సాహము కలిగించెను. చెప్పలేనివారికి ఈ కుర్చీ యేల అని కూడ మనస్సులో అనుకొంటిమి. కాని ఆ “చెప్పలేను” అను మాట తరువాత ఆమె చేసిన పని చూడగా మా అభిప్రాయము మారెను.

పేలదువ్వెనతో వెండ్రుకలు దువ్వి, రాలిన నల్లని నలుసును తడిపిన తెల్లకాగితముమీద వేసెను. అది ఎఱ్ఱగా కరగినచో మిన్నల్లులు త్రాగి విసర్జించిన రక్తమని గుర్తు. ఎఱ్ఱదనము కనబడలేదు. అయినను పిల్లి తన్ను నాకుకొనుచు మిన్నల్లులను మ్రింగివేయును గనుక కనబడలేదని లేవనుకొనరాదట. కొన్ని పిల్లులకు వాటి ఉమ్మి పడక, కొద్దిపాటి కాట్లకే ఒళ్లంతా పొక్కునట. తరువాత బ్లేడుతో చర్మమును సుతారముగా గీకి సూక్ష్మదర్శిని క్రింద చూచెను. గజ్జి పురుగు కనబడలేదు. చీకటి గదిలో ఊదా కాంతినిచ్చు దీపము వేసి చూచెను. దానిని వుడ్ దీపమందురు. తామర కలిగించు బూజులలో ఒకటి ఆ వెలుగులో పచ్చి ఆపిలు పండు రంగున మెరయును. మెరుపు లేదు. కాని మెరయని తామర కూడ కలదు గనుక కొన్ని వెండ్రుకలు తీసి పరీక్షకు పంపెను. ఆ బూజు పెరుగునో లేదో తెలియుటకు రెండు మూడు వారములు పట్టును.

“దురద తగ్గడానికి ఒక ఇంజెక్షను ఇవ్వరాదా అమ్మా?” అని అడిగితిమి. ఆమె ఇవ్వలేదు. స్టిరాయిడ్ ఇంజెక్షను వేసినచో రేపటికే దురద అణగును, మేము సంతోషించి ఇంటికి పోదుము. కాని అది తామరయైన యెడల లోపల ఇంకను ప్రబలును, గుర్తులు మాసిపోవును. అందుచేత పడక బట్టలన్నిటిని వేడినీళ్లలో ఉతికి ఎండవేయుమనియు, పిల్లులకని చేసిన మిన్నల్లి మందు చుక్కలు మెడవెనుక వేయుమనియు, ఎనిమిది వారములు ఒకే విధమైన మేత పెట్టుమనియు, అది తామరయైనచో మనుష్యులకు అంటును గనుక పిల్లలు ముట్టినప్పుడెల్ల సబ్బుతో చేతులు కడుగుకొనవలెననియు చెప్పి, ఏడు దినముల తరువాత మరల తెమ్మనెను.

ఏడు దినములు అనగానే మాకు లేవీయకాండము 13వ అధ్యాయము తలపునకు వచ్చెను. మనలో అనేకులు ఆ అధ్యాయమును దాటి చదువుదురు. మేమును వేదశాస్త్ర పాఠశాలలో పరీక్షకొరకు చదివినదే గాని తరువాత ప్రసంగించినది లేదు. మచ్చగలవాడు యాజకునియొద్దకు వచ్చినప్పుడు యాజకుడు చూడవలెను. రంగు చూడవలెను, లోతు చూడవలెను, వెండ్రుక తెల్లబడెనో లేదో చూడవలెను. నిశ్చయము కానిచో ఏడు దినములు వేరుగా ఉంచి మరల చూడవలెను. ఇంకను తేలనిచో మరి ఏడు దినములు. బట్టకు పట్టినదానికిని అదే పద్ధతి, తరువాతి అధ్యాయములో ఇంటి గోడకు పట్టినదానికిని అదే. ఇంత దీర్ఘమైన అధ్యాయములో, నీవు ఏమి చేసితివని ఆ మనుష్యుని అడుగుమని యాజకునికి ఒక్క ఆజ్ఞయైనను లేదు. బలులు తరువాత వచ్చును, నిజమే; కాని అవి బాగుపడినవానికి. ఎదుటనున్న మచ్చను చూచుటయే యాజకుని పని. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని వేచియుండుటకు దేవుడే అతనికి దినములు నియమించెను.

దీనికి ఎదురుమాట యున్నదని మేమెరుగుదుము. మిర్యాముమాటయేమి, గేహజీమాటయేమి, ధూపము వేయబోయి నొసట కుష్ఠు పొందిన ఉజ్జియామాటయేమి అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ మూడు చోట్లను కారణమును తెలియజేసినవాడు దేవుడు, లేక ఆయన పంపిన ప్రవక్త. ప్రక్కింటివారు కాదు. దేవుడు తెలియజేయని చోట మనము తెలియజేయబూనినచో యోబు స్నేహితుల వరుసలో కూర్చుందుము. వారు వచ్చి ఏడు దినములు మాటలాడక నేలమీద కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. చిల్లపెంకుతో ఒళ్లు గోకుకొనుచున్న వానికి కారణము చెప్పనారంభించిన తరువాతనే చెడిరి. పుట్టుగ్రుడ్డివానిని చూచి వీడా, వీని కన్నవారా పాపము చేసినదని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెంటిలో దేనిని ఒప్పుకొనలేదు (యోహాను 9). ఆయన ఉమ్మితో బురద చేసి ఆ కన్నులకు పూసెను.

మనుష్యుని విషయములో ఎంత చెప్పినను ఎవడో ఒకడు “వానికి ఏదో రహస్య పాపముండవచ్చును” అనును. పిల్లిని గూర్చి ఏమందురు? అది ఆజ్ఞను మీరలేదు, సాక్ష్యము పోగొట్టుకొనలేదు, కానుక ఎగవేయలేదు. అయినను దానికి దురద పుట్టెను, వెండ్రుకలు రాలెను. మాటలేని ఆ ప్రాణి వసారాలో గోకుకొనుచు కూర్చున్నప్పుడు, బాధకు ముందు పాపమును వెదకు మన అలవాటునకు అది ఒక పెద్ద ఆటంకముగా మాకు కనబడెను.

ఈ అలవాటు మన పేటలోనే పుట్టినది కాదు. మనుష్యుల గజ్జి చెడురక్తమువలన వచ్చునని గొప్ప వైద్యులు కూడ శతాబ్దములు చెప్పుచు వచ్చిరి. 1687లో ఇటలీ దేశపు వైద్యుడు బొనోమో, మందులు చేయు చెస్తోనీ యనువానితో కలిసి, గజ్జి పొక్కులోనుండి తీసిన సన్నని పురుగును సూక్ష్మదర్శిని క్రింద చూచి బొమ్మ గీసి ప్రకటించెను. అయినను పెద్దలనేకులు నమ్మలేదు. 1834లో, అనగా 147 సంవత్సరముల తరువాత, కార్సికా దీవినుండి వచ్చిన రెనూచ్చి అను విద్యార్థి పారిసు పట్టణపు ఆసుపత్రిలో సూదితో ఆ పురుగును తీసి అందరికిని చూపెను. ఆ విద్య అతడు నేర్చినది తన ఊరి పేద స్త్రీలయొద్ద! వారు సూదిమొనతో పురుగును తీయుచుండగా చూచియుండెను. కుష్ఠును గూర్చియు అంతే. నార్వే దేశపు హాన్సెన్ 1873లో సూక్ష్మజీవిని కనుగొనువరకు వంశమనియు శాపమనియు ఎన్నో మాటలు. ఆ కాలమంతయు చెప్పబడిన తప్పు కారణముల భారము ఎవరిమీద పడెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆరు సంవత్సరముల నాటి సంగతి. మన సంఘములో ఒక సహోదరుడున్నాడు. అతని మోచేతులమీదను మోకాళ్లమీదను ఎఱ్ఱని దద్దుర్లు లేచి వెండి పొరలవలె పొలుసులు రాలుచుండును. అది అంటునదని కొందరు తలంచి, ప్రభురాత్రి భోజనమందు అతని తరువాత పాత్ర ముట్టుటకు సంకోచించిరి. అతడే గ్రహించి తలుపు ప్రక్కకు పోయి చివర కూర్చుండనారంభించెను. మేమేమి చేసితిమి? ఒక సాయంకాలము అతని యింటికి పోయి ప్రార్థించి, లేచుచు, “నీ హృదయమును పరిశోధించుకొనుము” అని చెప్పి వచ్చితిమి. ఆసుపత్రి మాట ఎత్తలేదు. మేము విశ్వాసముతో మాటలాడితిమనియే ఆ రాత్రి సుఖముగా నిద్రించితిమి.

పిల్లిని రెండవసారి ఆసుపత్రికి చూపి వచ్చిన సాయంకాలమే అతని యింటికి పోయి క్షమించుమని అడిగితిమి. అతడు చాలసేపు ఊరకుండెను. తరువాత, “పోనీయండి అయ్యగారూ. పిల్లికి చీటీ రాయించి తెచ్చారంట గదా” అనెను. నవ్వుచుండెనో లేదో ఆ చీకటిలో కనబడలేదు.

ఆ వారమే ఇద్దరము బస్సులో జిల్లా ఆసుపత్రికి పోయితిమి. అది సోరియాసిస్ అని అక్కడి చర్మవైద్యుడు చెప్పెను. శరీరమును కాపాడవలసిన శక్తియే పొరబడుటచేత చర్మము వేగముగా పెరిగి పొలుసులు కట్టును. తాకినను, ఒక్క పాత్రలో త్రాగినను అంటదు. వేరుతో పోదు గాని మందులతో అణచియుంచవచ్చును. ఒకనికి ఎందుకు వచ్చును, ప్రక్కవానికి ఎందుకు రాదు అని అడుగగా, వంశమునుండి కొంత వచ్చుననియు, పూర్తి కారణము వైద్యులకును ఇంకను తేటపడలేదనియు చెప్పెను. మేము ఆ జవాబును ఈసారి మర్యాదతో వింటిమి.

పిల్లిమాట ముగించెదము. మూడు వారములకు పరీక్ష వచ్చెను, తామర లేదు. అయిదవ వారమున మెడమీద కొత్త వెండ్రుకలు మొలిచెను. ఎనిమిది వారములైన తరువాత, ఆపిన మేతలను డాక్టరమ్మ చెప్పినట్లు ఒక్కొక్కటిగా మరల పెట్టితిమి. ఎండుచేపలు పెట్టినను ఏమియు కాలేదు. బహుశః మిన్నల్లులే కావచ్చునని ఆమె అనెను గాని మేము ఒక్కదానినైనను కన్నులతో చూడలేదు. మా చిన్నమ్మాయి ప్రతిరాత్రి ప్రార్థించెను. ఆ ప్రార్థనను సాక్ష్యముగా ప్రసంగములో చెప్పవలెనని ఎంతో ఆశపడితిమి. కాని మందు, ఉతుకు, మేత, ప్రార్థన అన్నియు ఒక్కసారే జరిగెను గనుక, రోగమునకు కారణము తెలియనివారము బాగుపాటునకు మాత్రము ఇదియే కారణమని బల్లగుద్ది చెప్పుట తగదని మానుకొంటిమి. దేవునికి వందనములు చెప్పితిమి. దానికి పరీక్ష కాగితము అవసరము లేదు. పోయిన నెలలో అది మరల మెడ గోకుకొనుచుండగా చూచి పేలదువ్వెన తీసితిమి.

ఆ సహోదరుడు మందు పూసికొనుచున్నాడు. మోచేతులు చాలవరకు శుభ్రపడినవి. ముందునకు వచ్చి కూర్చుండుమని అడిగితే, “అక్కడ గాలి బాగుంటుంది, అలవాటైపోయింది” అనుచున్నాడు. గడచిన ప్రభురాత్రి భోజనమందు మేము పాత్రను మొదట తలుపు ప్రక్కకే తీసికొని పోయితిమి. అతడు త్రాగెను. అతని ప్రక్కవారిద్దరు ఇంకను పాత్ర అంచును పైకొంగుతో తుడిచి త్రాగిరి.