వెండి ఊడిన గాడి

వర్నిలో మా ఇంట్లో తాతల నాటి ఆకువక్కల డబ్బా ఒకటుంది. బీదర్ పని. నల్లటి మూత మీద వెండి మొక్క: నిటారుగా విచ్చుకున్న పువ్వు, పక్కన తల వాల్చిన మొగ్గ. "గది మోదుగుపువ్వు బిడ్డా, కొస ఎట్ల వంగిందో సూడు" అనేది బాపమ్మ. కాముని పున్నమికి మోదుగుపూలు ఉడికించి రంగు తీసిన చేతులు ఆమెవి. ఆ మాటను అనుమానించాలని నాకు తోచనే లేదు.

పెద్దయ్యాక తెలిసింది, అది గసగసాల మొక్కని. మొగ్గగా ఉన్నన్నాళ్లూ తల వేలాడేసి, పూసేటప్పుడు మెడ నిలబెడుతుంది. దక్కన్ బిద్రీ పనిలో తరచూ కనబడే నమూనా. యూరప్ వాళ్లకు ఆ పువ్వు నిద్రకు గుర్తు. నల్లమందు వచ్చేది దాని కాయ నుంచే కదా. మరి నలుగురు కూర్చుని ఆకు వేసుకునే డబ్బా మీద నిద్రెందుకు? చాలాకాలం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఒకరోజు తుడుస్తుంటే మొగ్గ కాడ దగ్గర గోరు తట్టుకుంది. వెండి తీగ ఊడి, సన్నని గాడి మిగిలింది. ఆ పని ఎలా చేస్తారో అప్పుడు గుర్తొచ్చింది. జింకులో కాస్త రాగి కలిపి పోత పోస్తారు. మైలుతుత్తం నీళ్లతో పైపైన నల్లబరిచి, ఉలితో గాడి తీసి, వెండి తీగ పెట్టి కొడతారు. నునుపుగా అరగదీస్తే ఆ నలుపు పోయి, వెండీ లోహమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. అప్పుడు పువ్వు ఉందో లేదో కూడా సరిగా తెలియదు. చివరికి బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపి పట్టిస్తే లోహం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండిని మాత్రం ఆ మట్టి ముట్టదు. పువ్వును మనకు చూపించేది మట్టే.

చెక్కినవాడు పువ్వుకున్న రంగు తీసేశాడు, వాసన తీసేశాడు, పేరూ తీసేశాడు. వంపు ఒక్కటి ఉంచాడు. ఆ వంపులోకి బాపమ్మ తన చెట్టును తెచ్చుకుంది. ఆమె పొరబడిందని ఇప్పుడు నేననను. బీదర్ సీమ మీదుగా వచ్చే మంజీర 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో ఆగి, కాలువ పట్టి వచ్చి, మా దగ్గర వరి అవుతుంది, బోధన్ వైపు ఒకప్పుడు చెరుకు అయ్యేది. అక్కడి గసగసాల మొగ్గ ఇక్కడ మోదుగు కావడమూ అలాంటిదే.

ఊడినచోట మళ్లీ వెండి పెట్టించమన్నారు ఇంట్లోవాళ్లు. నేను పెట్టించలేదు. దగ్గరగా చూస్తే ఆ గాడిలో బాపమ్మ వేలి నుంచి జారిన సున్నం ఎండి ఇరుక్కుని ఉంది. కాస్త దూరం జరిగితే అది వెండిలాగే కనిపిస్తుంది.