సంకరము – మౌనము

సంకరమను మాట మనలో నిందావాచకము. కులము మీఱి వివాహమాడినవారి బిడ్డలను జూచి, "రెండు వంశములు గలిసినచో నొకటి రెండవదానిని మ్రింగివేయును, ఇది ప్రకృతిధర్మము" అని వాదించువారు నేటికిని గలరు. ప్రకృతిని సాక్షిగా బిలిచినవారు ఆ సాక్ష్యమును తుదివఱకు వినవలెను గదా!

మన పోపులపెట్టెలోని ఆవగింజయే సంకరసంతానము. నల్లావజాతియు టర్నిప్పుజాతియు పూర్వమెన్నడో కలియగా నిది పుట్టినది. మొదటిదానికి 16 క్రోమోసోములు, రెండవదానికి 20, ఆవమొక్కకు 36. ఈ చుట్టరికమును 1935లో విశదపఱచిన ఊ నగహరు పండితుని తండ్రి కొరియావాడు, తల్లి జపాను వనిత.

కలయిక యెల్లప్పుడును నిరపాయమని చెప్పరాదు. భిన్నజాతుల సంకరములు పెక్కులు గొడ్డుపోవును. నిలిచి బ్రదికినవానియందును పొత్తు సమముగా నుండదు. ఆవమొక్క ఆకులలో రైబోసోముల నిర్మాణమునకు వలయు ఆర్.ఎన్.ఏ.ను నల్లావ జన్యువులే తయారుచేయును. టర్నిప్పునుండి వచ్చిన యా తరగతి జన్యువులు మూగవోయి యుండును. ఇంతవఱకే చూచినచో పై వాదము నిజమనిపించును. కాని 1997లో చెన్, పికార్డులు ప్రకటించిన పరిశోధనలలో, ఆవకు జ్ఞాతియగు రేప్‌సీడునందు, ఆకులలో మౌనము వహించిన యిట్టి జన్యువులే పువ్వులయందు పనిచేయుచు గానవచ్చినవి. ఆ రేప్‌సీడు మొలకలకు, డి.ఎన్.ఏ.పై మిథైల్ ముద్రలు పడకుండ నాపు మందు నొసగగా, అందలి మూగజన్యువులును మేల్కొన్నవి. అవి నశింపలేదు, అణచబడి యుండెను.

మొక్కలు మనకు ధర్మశాస్త్రము వ్రాయజాలవు. పైగా మనుష్యులందఱు నొకే జీవజాతి. రెండు కులములవారి పెండ్లికిని రెండు వృక్షజాతుల కలయికకును పోలికయే లేదు. కావున ఈ సాక్ష్యము కులవాదికి పనికిరాదు, మనమును దానిని మన పక్షమున నిలుపబూనరాదు.

ఆవమొక్క మన తలపునకు దెచ్చు వివేకమొకటి మాత్రము గలదు. లేకపోవుట వేఱు, పలుకకపోవుట వేఱు. తరతరములుగా అక్షరము నోచుకొనని కుటుంబపు బాలుడు బడిలో నోరు మెదపనిచో, "వీనికి బుద్ధి లేదు" అందుము. అత్తవారింట తలవంచుకొని తిరుగు కోడలికి అభిప్రాయములే లేవందుము. ఆ నోరు మూసినది వారి స్వభావమా, మన యేర్పాటా యని విచారింపకయే తీర్పు చెప్పుదుము. ఆకును మాత్రము పరీక్షించి మొక్కయంతటిని నిర్ణయించుట శాస్త్రము కానప్పుడు, మనుష్యుని యెడ నది న్యాయమెట్లగును?