చీకటిలో గురి

ఒక సాయంకాలము గ్రామ కూటము ముగిసిన పిమ్మట మేకల కాపరియైన ఒక సోదరుడు నాయొద్దకు వచ్చి, తలపాగా విప్పి చేతపట్టుకొని, "అయ్యగారూ, ఒక ధర్మసందేహము" అనెను. కొండక్రిందనున్న అతని దొడ్డిలోనుండి పదునైదు దినములలో మూడు మేకలను చిరుతపులి ఎత్తుకొనిపోయెను. మూడవది చూడిమేక. ప్రక్కపల్లెలో నాటు తుపాకి గలవాడొకడు, "మంచె కట్టించుము, మేకపిల్లను ఎర కట్టుము, రాత్రి బ్యాటరీ లైటు వేసి నేను కాల్చెదను" అని మాట ఇచ్చెనట. "చట్టము ఒప్పదని తెలుసునయ్యా. అది పట్నములో కూర్చున్నవారి చట్టము. దాని మాట విడువుడి. రాత్రివేళ నా మందను తినుదానిని రాత్రివేళ చంపుట తప్పా?" అని అడిగెను.

నేను వెంటనే ఉత్తరమియ్యలేకపోతిని. చదువరులారా, మీలో అనేకులు మేకలును గొర్రెలును గలవారు. గనుక ఈ ప్రశ్న మీదియు. ఆ రాత్రి మొదలుకొని నేను తలపోసినది మీ యెదుట పెట్టుచున్నాను.

మొదట చట్టము మాటయే చూతము. అతడు విడువుమన్నను నేను విడువను, ఏలయనగా అందులో ఒక ఆలోచన యున్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పుడు లైసెన్సు పొందినవారు కొన్ని జంతువులను వేటాడుటకు ఇంకను అనుమతి యుండెను. అయితే ప్రొద్దు క్రుంకినది మొదలు ప్రొద్దు పొడుచువరకు వేటాడరాదనియు, వేటకు దీపము వాడరాదనియు అందు వ్రాయబడెను. ఒక్కటే మినహాయింపు. మాంసాహార మృగము తాను చంపిన కళేబరమునొద్దకు వచ్చినప్పుడు, లైసెన్సులో ప్రత్యేకముగా అనుమతి యున్నయెడల, రాత్రియైనను దీపముతోనైనను కాల్చవచ్చును. 1991లో ఆ లైసెన్సు వేట యంతయు రద్దాయెను. ఇప్పుడు చిరుత గాని పెద్దపులి గాని మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనప్పుడు, దానిని పట్టుటకును, మత్తు ఇచ్చుటకును, వేరొక చోటికి తరలించుటకును వీలులేదని తేలిన పిమ్మట, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణములు చూపి వ్రాతమూలముగా ఆజ్ఞ ఇచ్చిననే చంపవలెను. మీదపడిన మృగమునుండి తన ప్రాణమునైనను పరుని ప్రాణమునైనను కాపాడుటకు సద్బుద్ధితో చంపినయెడల అది నేరము కాదు. ఈ సంగతి పల్లెలలో అనేకులకు తెలియదు.

ఆ పాత మినహాయింపును గమనించుడి. రాత్రిని మూసినవారు కళేబరమునొద్ద మాత్రము ఎందుకు తెరచిరి? మృగముమీది జాలియే కారణమైనయెడల కళేబరమునొద్ద ఆ జాలి ఎక్కడికి పోయెను? నాకు తోచునదేమనగా, చచ్చిన పశువునొద్దకు తిరిగివచ్చునది చాలమట్టుకు చంపిన మృగమే. త్రోవను పోవు మృగమునకు ఆ తప్పిదముతో ముడి లేదు. దావీదు తన తండ్రి మందను కాచుచు సింహమును ఎలుగుబంటిని చంపిన సంగతి మీరెరుగుదురు. అతడు వెంటపడిన మృగము నోట గొర్రెపిల్ల యుండెను. ఇదియా, వేరొకటియా అను సందేహము అతనికి లేదు.

దీపము వేసి కాల్చువానికి ఆ నిశ్చయము ఎక్కడిది? చీకటిలో దీపము వేసినప్పుడు మృగముల కన్నులు మెరయును. కంటి వెనుక అద్దమువంటి పొర యొకటి వెలుగును తిప్పికొట్టును. చిరుత కన్నులకే కాదు, కుక్కకు, దూడకు, మేకకు కూడ ఆ పొర యున్నది. తుపాకి పట్టినవానికి కనబడునవి రెండు మిణుకులు. అవి ఎవరివో అతడు ఊహించుకొనవలెను. అమెరికాలో పలు రాష్ట్రములలో కయోటి అను చిన్న తోడేలువంటి జంతువును రాత్రివేళ కాల్చుట చట్టసమ్మతము. అక్కడివారు శరీరపు వేడిని చూపు దుర్బిణులు తుపాకికి బిగించుకొందురు. వాటిలో ఆకారము కనబడును, నిజమే. అయినను ఆ ఆకారము నిన్న గొర్రెను తిన్నదో లేదో దుర్బిణి చెప్పునా?

ఈ విషయములో నాకు మార్గము చూపినవాడు వేటగాడే. గఢ్వాల్ కొండలలో రుద్రప్రయాగవద్ద ఒక చిరుత 1918 మొదలు 1926 వరకు నూట ఇరువది అయిదుగురిని తిన్నదని ప్రభుత్వపు లెక్క. రాత్రి తలుపులు మూసికొని యాత్రాస్థలపు ఊళ్లన్నియు వణకుచుండెను. దానిని చంపిన జిమ్ కార్బెట్టు, చీకటిలోనే, మామిడిచెట్టుమీద కూర్చుండి, క్రింద మేకను కట్టి, తుపాకికి బిగించిన దీపపు వెలుగులో కాల్చెను. కాల్చినంతనే దీపము ఆరిపోయెను. తాను దేనిని కొట్టెనో తెలిసికొనుటకు తెల్లవారవలసి వచ్చెను. ఉదయమున చచ్చిపడిన ముసలి చిరుతను చూచి, కాలిమీది పాతగాయమునుబట్టి అదియే నరభక్షకియని ఆనవాలు పట్టెను. క్రింద కట్టిన మేక క్షేమముగా నుండెను. అంతకు ముందొకమారు ఉచ్చులో చిక్కిన చిరుతనొకదానిని కాల్చగా, పీడ వదలినదని అందరును సంతోషించిరి. కార్బెట్టు మాత్రము సందేహించెను. ఎంతో ఆలస్యము కాకమునుపే, నదికి ఆవలిగట్టున ఒక స్త్రీ చంపబడెనను వార్త వచ్చెను. ఆ దినమున ఊరివారితోపాటు అతడును సంతోషించి వెళ్లిపోయియుండిన ఎట్లుండెడిది?

మనకు సమీపమైనదొకటి చెప్పెదను. మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లా మన ఆదిలాబాదునకు పొరుగు. అక్కడి పత్తిచేల ప్రక్కన రెండేండ్లలో పదముగ్గురి మరణము ఒక ఆడపులిపై మోపబడెను. వీలైన మత్తు ఇచ్చి పట్టవలెననియు, కానియెడల కాల్చవచ్చుననియు 2018లో ఆజ్ఞ ఆయెను; సుప్రీంకోర్టు దానిని ఆపలేదు. నవంబరు 2వ తేది రాత్రి, హైదరాబాదునుండి పిలువబడిన వేటగాళ్ల జట్టులో ఒకడు వాహనమునుండి దానిని కాల్చెను. మత్తుసూది వేయగా మామీదికి దూకెను, ప్రాణరక్షణకై కాల్చితిమి అని జట్టువారు చెప్పిరి. అది అటు తిరిగియుండగా గుండు తగిలెనని శవపరీక్షను చూపి ఇతరులు వాదించిరి. దానికి పది నెలల పిల్లలు రెండుండెను. ఊళ్లలో టపాకాయలు కాల్చి మిఠాయిలు పంచుకొనిరి. ఆ సంతోషమును చూచి పట్నవాసులు కొందరు ఏవగించుకొనిరి గాని నేను ఏవగించుకొనను. భర్తను పులికిచ్చిన స్త్రీ మిఠాయి తినినయెడల ఆమెను తప్పుపట్టుటకు నేనెవడను? ఎవరు సత్యము పలికిరో తీర్పు చెప్పుట నా పని కాదు. అయితే ఆజ్ఞ ఉన్న చోట, అనుభవజ్ఞులు వెళ్లిన చోట కూడ, చీకటిలో పేలిన ఒక్క గుండు ఇంత వివాదమును విడిచిపోయెను. ఇక మన ప్రక్కపల్లె నాటు తుపాకి మాట ఏమందుము?

మన పల్లెలలో నిజముగా జరుగు రాత్రివేట తుపాకితో కూడ కాదు. అడవిపందులకని చేనుచుట్టు కరెంటు తీగె లాగుదురు; చచ్చిన పశువుమీద పురుగుమందు చల్లుదురు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పెద్దపులులు చచ్చిపడియుండెను. విషము కలిసిన పశుమాంసము కారణమని అటవీశాఖవారు చెప్పిరి. తీగెకు కన్నులు లేవు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయుటకు పోవు పొరుగురైతు కాలికి అదే తగులును. ఆ విధముగా చచ్చినవారి సమాధులు మన సంఘముల తోటలలో లేవా? ఎవరు పెట్టిరో అందరికిని తెలియును, ఎవరును పలుకరు.

నూట నాలుగవ కీర్తన చీకటిని అడవి మృగములకును, పగటిని పనికి పోవు మనుష్యునికిని పంచినది. మృగము ఆ పంపకమును ఎల్లప్పుడును పాటింపదు. 2024 నవంబరులో అదే కాగజ్‌నగర్ ప్రాంతమున పత్తి ఏరుచున్న ఒక స్త్రీని పులి పట్టపగలే చంపెను. అట్టి మృగమును గుర్తించి, వెంటాడి పట్టవలసినదే. పట్టలేనియెడల ఆజ్ఞ పొంది చంపవలసినదే, కళేబరమునొద్ద రాత్రి కాచియైనను. నేను వలదనునది ఆ తలుపును అందరికి తెరచుటయే. చిరుతను తీసివేసినంతనే బాధ తీరునని అనుకొనరాదు. పూణె జిల్లా జున్నరు ప్రాంతమున 2001 తరువాత అనేక చిరుతలను పట్టి వేరొక చోట విడువగా మనుష్యులమీది దాడులు తగ్గుటకు మారుగా పెరిగెను.

ఇదంతయు మరునాడు ఆ కాపరికి చెప్పితిని. అతడు చాలసేపు విని, "మీ మేక పోలేదు గదా అయ్యగారూ" అనెను. దానికి నాయొద్ద జవాబు లేదు. అతని వెంట దొడ్డికి పోయితిని. నడుమెత్తు ముళ్లకంప, పైన ఆకాశము. చిరుత నోట మేకను కరచుకొని దానిని ఒక్క గంతున దాటును. మూడు మేకలు పోయినను అటవీశాఖవారికి ఒక్కమారైనను తెలుపలేదు, పంచనామా లేదు, పరిహారమునకు అర్జీ లేదు. "ఎవరిత్తురులే" అని ఊరకుండెనట. అర్జీ ఆ దినమే వ్రాసితిమి. అది ఎప్పటికి ఫలించునో నేను చెప్పజాలను.

శనివారమున సంఘపు యౌవనులు నలుగురు వెదుళ్లు కొట్టి తెచ్చిరి. దొడ్డికి పైకప్పువలె తడికెలు కట్టి, పలకల తలుపు బిగించితిమి. తుపాకివాడు త్రోవన పోవుచు చూచి నవ్వెను. తరువాతి వారములో రెండు రాత్రులు చిరుత వచ్చి దొడ్డిచుట్టు తిరిగిన జాడలు మట్టిలో కనబడెను. ఎర కట్టుమన్న మేకపిల్ల లోపలనే యున్నది.