ఒంటిగంట హోమం

గీత పదిహేనో అధ్యాయం వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఇంట్లో పూజకే టైమ్ దొరకట్లేదు, ఇక ఆఫీసులో సాధన ఏం చేస్తాం?" చేస్తూనే ఉన్నాం అండీ, రోజూ మధ్యాహ్నం. కాకపోతే ఎలా చేస్తున్నామో చూసుకోవట్లేదు. ముందు నా సంగతే చెప్తాను.

పోయిన ఏడాది హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "నిన్న మధ్యాహ్నం ఏం తిన్నావు బాబూ?" నాకు గుర్తు రాలేదు. నిజంగానే రాలేదు. రెండున్నరకి కాల్ మ్యూట్‌లో పెట్టి ఏదో తిన్నాను. బిర్యానీయా, ఫ్రైడ్ రైసా? ఫోన్‌లో ఆర్డర్ చూసి చెప్పాల్సి వచ్చింది.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. అమ్మ ఐదున్నరకే లేచి నాకు బాక్స్ కడుతుంది. వారంలో మూడు రోజులైనా దాని మూత తీసేవాణ్ణి కాదు. సాయంత్రం డస్ట్‌బిన్‌లో వంపేసి, బాక్స్ కడిగి ఇంటికి తెచ్చి, "బాగుందమ్మా" అనేవాణ్ణి.

ఇప్పుడు గీతలోకి వద్దాం. పదిహేనో అధ్యాయం పద్నాలుగో శ్లోకంలో పరమాత్మ, ప్రాణుల శరీరాల్లో వైశ్వానరుడనే అగ్నిగా ఉండి నాలుగు రకాల ఆహారాన్ని అరిగించేది తనే అంటాడు. నమిలేవి, మింగేవి, నాకేవి, చప్పరించేవి. పప్పన్నం దగ్గర్నుంచి ఆవకాయ టెంక దాకా అన్నీ వచ్చేశాయి చూడండి! అంటే గుళ్ళో నైవేద్యం అందుకునే స్వామే మన కడుపులోనూ కూర్చుని ఉన్నాడు.

ఈ వైశ్వానర విద్య ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో వివరంగా ఉంది. ఉద్దాలకుడు, ఆయనతో మరో ఐదుగురు, అశ్వపతి కైకేయుడనే రాజు దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్తారు. వాళ్ళు సన్యాసులు కాదు, ఇల్లూ బాధ్యతలూ ఉన్న గృహస్థులు. అక్కడ వచ్చే మాట ఇది: భోజనంలో ముందుగా వచ్చే అన్నం హోమద్రవ్యం. ప్రాణ, వ్యాన, అపాన, సమాన, ఉదానాలకి ఐదు ఆహుతులు. మా తాతయ్య విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, చిన్న చిన్న ముద్దలు నోట్లో వేసుకుని, ఆ తర్వాతే పప్పు కలుపుకునేవారు. చిన్నప్పుడు అదేదో చాదస్తం అనుకున్నాను.

ఈ విషయం తెలియకుండా చేసే హోమం, నిప్పులు పక్కకి లాగేసి బూడిదలో పోసినట్టే అని కూడా ఉంది ఆ ఉపనిషత్తులో. కాల్ మ్యూట్‌లో పెట్టి నేను తిన్నది సరిగ్గా అదే.

ఒక చెల్లెలు మంచి డౌట్ అడిగింది. "వండి జాము గడిచిన అన్నం తామసం అని పదిహేడో అధ్యాయంలో ఉంది కదా, మరి పొద్దున కట్టిన బాక్స్ తినొచ్చా?" జాము అంటే మూడు గంటలు. ఆ లెక్కన మన బాక్సులన్నీ తామసమే! కానీ శంకరులు తమ భాష్యంలో ఆ పదానికి సరిగా ఉడకని అన్నం అనే అర్థం చెప్పారు. ఎందుకంటే సారం పోయిన అన్నం గురించి ఆ పక్క పదంలోనే వేరేగా చెప్పేశారు కాబట్టి. కాబట్టి అమ్మ బాక్స్ నిశ్చింతగా తినండి. పాడవకుండా చూసుకుంటే చాలు.

నేను చేస్తున్నది చెప్తాను. ఒంటిగంటకి క్యాలెండర్‌లో అరగంట బ్లాక్ చేశాను. ల్యాప్‌టాప్ మూసేస్తాను, ఫోన్ బోర్లా పెడతాను. మొదటి ఐదు ముద్దలు మౌనంగా, ఒక్కో ప్రాణాన్ని తలచుకుంటూ. పక్కవాళ్ళకి తెలియను కూడా తెలియదు. నీళ్ళు మాత్రం తిప్పను. క్యాంటీన్ టేబుల్ మీద నీళ్ళు పోస్తే హౌస్‌కీపింగ్ అక్క ఊరుకోదు!

హోమంలో ఏది పడితే అది వెయ్యం కదా. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన ప్లేట్లు చూస్తే అన్నం కొండ, కూర దాని పక్కన గులకరాయి. నేను దాన్ని తిరగేశాను. తినగానే పది నిమిషాలు నడుస్తున్నాను. ఆరు నెలలకి 5.8 వచ్చింది. ఐదు ముద్దల మహిమ అని చెప్పను, అన్నం తగ్గింది, నడక పెరిగింది. కానీ ఏం తింటున్నానో కళ్ళు తెరిచి చూసింది మాత్రం ఆ ఐదు ముద్దల వల్లే. షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టరు చెప్పినట్టే వాడండి, దీన్ని వాటికి బదులుగా పెట్టుకోవద్దు.

మొన్న ఆదివారం అమ్మకి డస్ట్‌బిన్ సంగతి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. తర్వాత వంటింట్లోంచే అడిగింది, "రేపు బీరకాయ చెయ్యనా, దొండకాయా?"

శ్రీకృష్ణార్పణమస్తు.