దించిన చేయి

నాకు ఊహ తెలిశాక కార్తీక సోమవారం నాడు అమరావతిలో లేనిది ఒక్కసారే. తెల్లారకముందే కృష్ణలో మూడు మునకలేసి, తడి పంచెతోనే గుడి మెట్లెక్కి, అమరేశ్వరుడి ఎదుట నూట ఎనిమిది పంచాక్షరి పూర్తిచేసి, ఇంటికొచ్చి దీపం పెట్టాకే కాఫీ. మా నాన్నగారి నాటి ఆనవాయితీ అది. బడిపంతులుగా రిటైరయ్యేదాకా, ఆ తర్వాతా నేను తప్పలేదు. 2018లో తప్పాను. ఆ సోమవారం నేను తిరువనంతపురంలో, వట్టియూర్కావు షూటింగ్ రేంజ్‌లో, ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను.

అవి 62వ జాతీయ షూటింగ్ పోటీలు. మా పెద్దమ్మాయి కూతురు హైదరాబాద్‌లో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ పేరు మీద జరిగే పోటీలు దాటుకుని మొదటిసారి జాతీయ స్థాయికి వచ్చింది. వాళ్ల నాన్నకు సెలవు దొరక్కపోయేసరికి వెంట వెళ్లే పని నా మీద పడింది. కోచ్‌తో, మరో ఇద్దరు పిల్లలతో అది సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తుంటే నేను గుంటూరులో కలిశాను. "తుపాకులు చూడ్డానికి కార్తీకంలో శివుణ్ణి వదిలిపోతావా?" అని స్నానాల రేవులో ఒక స్నేహితుడు దెప్పనే దెప్పాడు.

బోగీ నిండా నల్లబట్టల అయ్యప్ప స్వాములు. పై బెర్తుల మీద ఇరుముడులు. మా పిల్ల తలకింద తాళం వేసిన పిస్టల్ పెట్టె. ఎవరి ఇరుముడి వాళ్లదనుకున్నాను.

రైల్లో పంతులు బుద్ధి ఊరుకోలేదు. "ద్రోణుడు చెట్టు మీది పిట్టను చూపించి అడిగితే అర్జునుడేమన్నాడో తెలుసుగా తల్లీ? కన్ను తప్ప ఇంకేదీ కనపడలేదన్నాడు. నువ్వూ ఆ నల్లచుక్క తప్ప ఇంకేదీ చూడకు" అన్నాను. పరీక్షల ముందు ప్రతి ఏడాదీ ప్రతి తరగతికీ చెప్పిన కథ. అది నవ్వింది.

"చుక్కను చూస్తే పోయినట్టే తాతయ్యా. చుక్క మసగ్గా ఉండాలి."

పెట్టె తెరవకుండానే, తన బొటనవేలు ఎత్తి చూపిస్తూ చెప్పింది. పిస్టల్ మీద వెనకవైపు చిన్న గాడి ఉంటుంది, ముందు కొసన చిన్న దిమ్మె. గాడి నడుమ దిమ్మె నిలవాలి, దానికి రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి, పై అంచులు ఒకే మట్టంలో ఉండాలి. కన్ను ఆ ముందు దిమ్మె మీదే ఉండాలి. మనిషి కన్ను ఒకే క్షణంలో రెండు దూరాలను తేటగా చూడలేదు గనక, దిమ్మె తేటగా కనిపిస్తే పది మీటర్ల అవతల ఉన్న గురి మసకబారుతుంది. మసకబారనివ్వాలి. పైగా చాలామంది చెయ్యి నిలిపేది నల్లచుక్క నడిమధ్యన కూడా కాదట, దాని కిందున్న తెల్లటి ఖాళీలో. దానికి తగ్గట్టు వెనక గాడిని ముందే సర్దుకుని ఉంచుతారు, పెల్లెట్ పైకి వెళ్లి మధ్యలో తగులుతుంది.

నమ్మకం కుదరక నేను కోచ్ వైపు చూశాను. ఆయన లెక్క చెప్పాడు. చెయ్యి ఉన్నదున్నట్టుగా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే అవతల పెల్లెట్ కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. అదే, ముందు దిమ్మె గాడిలో ఒక మిల్లీమీటరు ఒరిగితే పది మీటర్ల దగ్గర తేడా దాదాపు మూడు సెంటీమీటర్లు. పది పాయింట్ల వలయం అడ్డకొలత మొత్తం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. ఒరిగిన షాట్ పదిని వదిలి ఏడు దగ్గర పడుతుంది. జరగడం వేరు, ఒరగడం వేరు అన్నాడాయన, చాలా మామూలుగా, టీ తాగుతూ. నేను మాత్రం ఆ మాటను టికెట్ వెనక రాసుకున్నాను.

పోటీ రోజున మోతలుంటాయని చెవుల్లోకి దూది తీసుకెళ్లాను. అక్కర్లేకపోయింది. గోలీసోడా కొట్టినట్టు 'టప్'మని చిన్న చప్పుడు, అంతే. వరసగా లేన్లు, లేనుకొక పిల్ల, ఒక చేతిలో పిస్టల్, రెండో చెయ్యి జేబులో. సర్దుకోవడానికీ లెక్కలోకి రాని షాట్లకీ పదిహేను నిమిషాలు. ఆపైన 75 నిమిషాల్లో 60 షాట్లు. మా పిల్ల మొదటి లెక్క షాట్ వదలగానే నాకు తెలియకుండానే "హర హర మహాదేవ" అన్నాను, గుళ్లో అన్నంత గట్టిగా. ముందు రెండు వరసలూ వెనక్కి తిరిగి చూశాయి. మళ్లీ నోరు తెరవలేదు.

పదో షాటో పన్నెండో షాటో. చెయ్యి ఎత్తింది. ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. షాట్ వదల్లేదు. చెయ్యి మెల్లగా బల్ల మీదికి దించి, రెండు సార్లు గాలి పీల్చుకుని, మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది. మూడోసారీ దించేసరికి నాకు అరచేతులు చెమటపట్టాయి. అటూ ఇటూ లేన్లలో టప్ టప్‌మని షాట్లు పడుతూనే ఉన్నాయి, మా పిల్ల బెదిరిపోయిందనుకున్నాను. కోచ్ వైపు చూస్తే, పొద్దున్నుంచీ ముఖం గంటు పెట్టుకుని కూర్చున్న మనిషి అప్పుడే మొదటిసారి నవ్వుతున్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకమ్మా అన్నిసార్లు దించావు? భయమేసిందా?"

"భయం కాదు తాతయ్యా. దిమ్మె కుదరలా. కుదరకుండా వదిలితే అది ఎటో పోద్ది. దించితే ఏం పోద్ది, టైమేగా."

ఎత్తిన చెయ్యి ఎక్కువసేపు పట్టుకుంటే కన్ను అలిసిపోతుంది. అలిసిన కన్ను కుదరనిదాన్ని కూడా కుదిరినట్టే చూపిస్తుంది. అందుకని కొన్ని సెకన్లలో షాట్ రాకపోతే దించెయ్యమని మొదటి రోజు నుంచీ నేర్పుతారట. అట్లాగని చెయ్యి రాయిలా నిలబడే క్షణం కోసం కూర్చోవడమూ పొరపాటే. అట్లాంటి క్షణం రాదు. వచ్చిందనుకుని ట్రిగ్గర్ గుంజేస్తే అదే అన్నిటికన్నా చెడ్డ షాట్. కాస్త కదులుతున్న చేత్తోనే, దిమ్మెను చూస్తూ, వేలు మెత్తగా నొక్కుకుంటూ పోవాలి. మా పిల్ల ఆ రోజు ఎన్నిసార్లు దించిందో స్కోరు కాగితంలో ఎక్కడా లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా జపం గుర్తొచ్చింది.

యాభై ఏళ్ల పైగా లెక్క తప్పని జపం. ఆ నూట ఎనిమిదిలో సగం పూసలు పాలవాడి బాకీ మీదా, అన్నదమ్ముల వాటా మీదా, ఈ మధ్య రాజధాని పక్క పొలాల ధరల మీదా తిరిగినవే. తిరుగుతున్నాయని తెలుసు. అయినా పూస జరిపాను. లెక్క పూర్తికావాలి, బస్సు టైముకు బడికి చేరాలి, నాన్నగారి మాట పోకూడదు. కళ్లు మాత్రం లింగం మీదే ఉండేవి. చూసినవాళ్లు ఏకాగ్రత అనుకునేవారు, నేనూ అదే అనుకున్నాను. ఎదురుగా అంత దూరాన ఉన్న స్వామిని చూస్తూ నా బొటనవేలి కింద ఒరిగిపోయిన పూసను చూసుకోలేదు. దించొచ్చని నాకెవరూ చెప్పలేదు.

ముండకోపనిషత్తులో ఓంకారాన్ని వింటితోనూ జీవుణ్ణి బాణంతోనూ పోల్చిన చోట, కొట్టేవాడు ఏమరుపాటు లేకుండా కొట్టాలని ఉంది. బళ్లో తెలుగు చెప్పుకుంటూ బతికినవాణ్ణి, ఆ మాట నాకు కొత్తేమీ కాదు. లక్ష్యాన్ని ఏమరకూడదని అర్థం చేసుకున్నాను. విల్లు పట్టిన చేతిని ఏమరకూడదని ఎప్పుడూ తోచలేదు.

అర్జునుడికి ఇంకో పరీక్ష కూడా జరిగింది కదా. ద్రౌపదీ స్వయంవరం. మన హరిదాసులు చెప్పే తీరులో, పైన తిరిగే చేపను కొట్టడానికి అతను చూసింది కిందున్న నీళ్లలోకి. పిట్ట కన్ను కథ పిల్లవాడిగా ఉన్నప్పటిది, ఇది పెద్దయ్యాకది. బళ్లలో మేం మొదటిదే చెబుతాం. చెప్పడానికి తేలిక, వినేవాళ్లను బెదిరించడానికీ తేలిక.

మర్నాడు పద్మనాభస్వామి గుడికి వెళ్లాం. అక్కడ శయనించిన స్వామి ఒక్క చూపుకు అందడు. మూడు ద్వారాల్లోంచి చూడాలి. మొదటిదాంట్లో ముఖమూ, వాల్చిన కుడిచెయ్యీ. నడిమిదాంట్లో నాభికమలం. మూడోదాంట్లో పాదాలు. ఆ కుడిచెయ్యి కింద శివలింగం ఉంది. స్నానాల రేవులో స్నేహితుడన్న మాట నాకు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. వెనక జనం తోస్తున్నారు. మా మనవరాలు నా చెవి దగ్గరికి వచ్చి, "దించిన చెయ్యి తాతయ్యా" అంది.

ఆ పోటీల్లోనే 13 ఏళ్ల హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో స్వర్ణం గెలిచింది. ఆ ఏడాదే గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఇదే అంశంలో స్వర్ణ రజతాలు తెచ్చిన మనూ భాకర్, హీనా సిద్ధూ ఇద్దరినీ దాటేసింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ అమ్మాయికి నాలుగు పతకాలు వచ్చాయని పేపర్లో చూసినప్పుడు మా ఇంటి పిల్లే గెలిచినట్టు పొంగిపోయాను. అసలు మా ఇంటి పిల్ల మాత్రం ఫైనల్ ఎనిమిది మందిలో లేదు, దరిదాపుల్లో కూడా లేదు. తిరుగు రైల్లో తిరుపతి దాకా ముఖానికి చున్నీ కప్పుకుని ఏడ్చింది. నెల్లూరులో లేచి దోసె తిన్నది.

ఊరికి వచ్చాక మిగిలిన కార్తీకంలో ఒక తెల్లవారుజామున మళ్లీ గుళ్లో నిలబడ్డాను. మా అమరేశ్వరుడి లింగం ఎంత ఎత్తంటే, అర్చకులు పైనున్న వేదిక ఎక్కి అభిషేకం చేస్తారు. కింద నిలబడ్డవాడికి శిరస్సు అందదు. తారకాసురుడి కంఠాన ఉన్న లింగం కుమారస్వామి అస్త్రానికి అయిదు ముక్కలైతే అవే పంచారామాలయ్యాయనీ, అందులో ఒకటి మాదనీ స్థలపురాణం. చిన్నప్పటి నుంచీ ఆ పైభాగం చూద్దామని మెడలు నొప్పి పుట్టేలా చూసేవాణ్ణి. ఆ వేళ చూపు దించుకుని చేతిలోని పూసను చూశాను.

గంట మోగింది, మనసు కదిలింది. పక్కన పసివాడు ఏడ్చాడు, కదిలింది. ఫర్వాలేదు, అది జరగడమే, మిల్లీమీటరుకు మిల్లీమీటరే. పదకొండో పూస దగ్గర పెదవి మీద శివుడూ లోపల పాలబాకీ నిలబడి ఉన్నారు. ఇది ఒరగడం. ఆపేశాను. మాల ఒళ్లో పెట్టుకుని, కళ్లు తెరిచి, రెండు సార్లు గాలి పీల్చుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆ పొద్దు నూట ఎనిమిది పూర్తికాలేదు. ఆ తర్వాత కూడా చాలా పొద్దులు కావడం లేదు. మా నాన్నగారుంటే ఊరుకునేవారు కాదు.

మీ దేవుడెవరైనా, మీ లెక్క ఎంతైనా, ఈ పూట కూర్చున్నప్పుడు ఒకసారి దించి చూడండి.

మనవరాలు ఇప్పటికీ సెలవులకు వస్తే పొద్దున్నే ఇరవై నిమిషాలు సాధన చేస్తుంది. పిస్టల్‌లో పెల్లెట్ ఉండదు. మా ముందు గదిలో గోడకెదురుగా నిలబడి ఎత్తుతుంది, దిమ్మెను చూస్తుంది, వేలు నొక్కుతుంది, దించుతుంది. డ్రై ఫైరింగ్ అంటారట. మొదట్లో నేను నల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి గోడకు అంటించబోతే వద్దంది. అది సున్నం వేసిన తెల్లగోడ. దాని మీద ఏ గుర్తూ లేదు.