సత్రానికి తిరిగి వచ్చేవారెవరు?



లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని మనమందరం ఎరుగుదుము. గాయపడినవానిని చూచి, "ఈ దారిన ఎందుకు వచ్చావు?" అని ఆయన ఆరా తీయలేదు. కట్లు కట్టాడు, సత్రంలో చేర్చాడు, సొమ్మిచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినపుడు తీరుస్తానన్నాడు. ఈ చివరి మాటనే మనం తరచు మరచిపోతాము.

మన విచారణలలో త్రాగుడు వలన గాయపడిన కుటుంబాలున్నాయి. అయితే గాయం అందరికీ ఒకే చోట తగలదు. త్రాగేవానికి దేహం చెడుతుంది. భార్యకు అప్పులు, అవమానం మిగులుతాయి. రాత్రి తలుపు చప్పుడైతే బిడ్డ ఉలిక్కిపడతాడు. కుమారుడు గంజాయికి అలవాటుపడితే తల్లిదండ్రులు సిగ్గుతో గుడికి రావడమే మానుకుంటారు. వీరందరికీ ఒకే బోధ చాలదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం ఎత్తివేయబడింది. చట్టం వచ్చినా పోయినా, పొరుగువాని గాయం కట్టే బాధ్యత మనదే.

మత్తులో ఉన్నవానితో వాదించకండి. తెలివిగా ఉన్నపుడు ప్రేమతో మాట్లాడండి. ఏండ్ల తరబడి బాగా త్రాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమణం, ప్రాణాపాయం కూడా రావచ్చు. కనుక గుడిలో ఒట్టు పెట్టించే ముందు వైద్యునికి చూపించండి. అతనికి ఆసుపత్రే నేటి సత్రం. వ్యసన విముక్తి సలహాకు 14446కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

దెబ్బలు తినే ఇల్లాలితో "నీ సిలువ నీవు మోయాలమ్మా" అని పంపివేయకండి. దెబ్బలు దేవుని చిత్తం కాదు. ముందు ఆమెకు, బిడ్డలకు రక్షణ చూడండి. 181 స్త్రీల సహాయానికే ఉన్నది. జ్ఞానోపదేశం చెప్పే పెద్దలారా, "నాన్న త్రాగుడుకు నీవు కారణం కాదు" అని ఆ పసివానితో చెప్పండి. పెండ్లి విందులలో, విచారణ పండుగలలో మద్యం పోయకండి. మానాలని పోరాడుతున్నవానికి అది పెద్ద శోధన.

డబ్లిను నగర కూలి మాట్ టాల్బట్ 12 ఏండ్లకే త్రాగుడుకు లోబడ్డాడు. 1884లో, 28వ ఏట, మొదట మూడు మాసాలకే మాట ఇచ్చాడు. ఆ మాట జీవితాంతం నిలిచింది. 1925లో దివ్యపూజకు వెళ్తూ దారిలోనే కన్నుమూశాడు. 1975లో జగద్గురువులు ఆరవ పౌలుగారు ఆయనను పూజనీయునిగా ప్రకటించారు.

అందరూ ఆయనవలె మొదటిసారే నిలబడరు. కొందరు మరల పడిపోతారు. అప్పుడే మన రాక అవసరం. ఈ వారం అటువంటి ఒక ఇంటి తలుపు తట్టండి. వచ్చే నెల మరల తట్టండి. సత్రానికి తిరిగి వస్తానన్న ఆ మాట మన ద్వారా నెరవేరును గాక! ఆమెన్.