తడిసిన బూటు దోషియా?



ఐస్లాండు దేశములో సిల్ఫ్రా అను లోతైన నీటి చీలిక కలదు. కరగిన మంచు నీరు లావా రాళ్లగుండ వడిసి అక్కడికి చేరును. సంవత్సరమంతయు ఆ నీరు 2 మొదలు 4 డిగ్రీల చలిలోనే యుండును. అందులో మునుగువారు ‘డ్రై సూట్’ అను దుస్తు తొడుగుకొందురు. దానికి మెడయొద్దను మణికట్లయొద్దను బిగువైన పట్టీలు, నీరు చొరని జిప్పు, పాదములకు దుస్తుతోనే అతికిన బూట్లు ఉండును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగివేయును. గనుక ఆ దుస్తులో చిన్న బెజ్జమైనను చిన్న సంగతి కాదు.

మునిగినవాడు గట్టుకు వచ్చి చూచుకొనగా పాదములు తడిసియున్నవి. వెంటనే “బూటు కారుచున్నది” అని దానికి జిగురు పూయును. మరునాడు మరల తడియే! ఏలయనగా నీరు పల్లమునకు పారును. మెడయొద్ద చొచ్చిన నీరును, జిప్పుగుండ వచ్చిన నీరును, అతడు నిలువబడగానే బూటులోనికే దిగును. ఒక్కొక్కసారి అది బయటి నీరు కానేకాదు, అతని చెమటయే. మరియొక సంగతి వినుడి. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు మణికట్టు నరములు ఉబ్బి, పట్టీ క్రింద సందు ఏర్పడి నీరు చొరబడును. అప్పుడు దుస్తులో లోపమేమియు లేదు. పిడికిలి బిగించినవానియందే యున్నది.

కాబట్టి మనము ఆలోచింపవలసిన ప్రశ్న యిది: కీడు కనబడిన చోటనే కీడు పుట్టినదని తీర్పు చెప్పుట న్యాయమా? కానుకల లెక్కలో నాలుగు రూపాయలు తగ్గినచో పెట్టె మోసిన పిల్లవానిని అనుమానింతుము. లెక్క వ్రాసిన పెద్దలను అడుగము. తలిదండ్రులు రాత్రియెల్ల పోట్లాడుకొని, ఉదయమున బడికి పోనని యేడ్చిన బిడ్డను కొట్టుదురు. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యిదియే. అందరికంటె క్రిందనున్నవాని యొద్దకు అందరి నీరును చేరును. అతడు సాక్షియే గాని దోషి కాకపోవచ్చును.

అట్లయిన బూటు ఎన్నడును దోషి కాదా? అట్లనరాదు. రాళ్లపై నడచునది బూటే. లోపల చేరిన ఇసుక దానిని రాపిడి చేయును. మడతలయొద్ద పగులును, అతుకులు విడును. జాలిచేత నిజమైన బెజ్జమును విడిచిపెట్టుటయు అన్యాయమే. కావున తీర్పునకు ముందు పరీక్ష కావలెను. నేర్పరి మెడను మణికట్లను మూసి, దుస్తునిండ గాలి నింపి, అంతటను సబ్బునీరు పూయును. బుడగలు లేచినచోట గుర్తు పెట్టును. బూటును మాత్రమే కాదు, మెడ మొదలుకొని అంతయు చూచును.

పిమ్మట బాగుచేయుట. మొదట బూటు పూర్తిగా ఆరవలెను, తడిమీద జిగురు పట్టదు. తరువాత మురికి తుడిచి, గరుకు కాగితముతో మెల్లగా రుద్ది, సైకిలు పంచరు వేయువానివలె బూటుకును అతుకు ముక్కకును జిగురు పలుచగా పూసి, అది కొంత ఆరినపిమ్మట అదిమి, రాత్రియంతయు కదల్చక ఉంచవలెను. ఆపైన మరల పరీక్షింపవలెను. కోపము ఆరకముందే చెప్పిన బుద్ధియు తడిమీద పూసిన జిగురువంటిదే; అది నిలువదు.

యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేయుచుండిరని మత్తయి 4:21లో చదువుచున్నాము. చిరుగు ఎక్కడనో వెదకక సూది పట్టు జాలరి యెవడు? వలకు చేయు న్యాయమును మనము మనుష్యునికి చేయకుందుమా?

ప్రియులారా, రేపు మన యింటిలో ఒక బూటు తడిసి కనబడినప్పుడు, మొదట మన మెడను తడిమి చూచుకొందము. మన పిడికిలి బిగిసియున్నదేమో చూచుకొందము. బూటు సంగతి ఆ తరువాత విచారింతము.